రామమోహనరాయలవారును సిలువ వాదమును

క్రీస్తు సిలువమీఁద మరణించెననుట చరిత్ర. ఆ మరణమువలన లోకమునకేమి ఫలము గలిగెననుట మతసిద్ధాంతము. ఈ రెంటికినిఁ గల భేదమును గుర్తింపక, మనలోఁ బలువురము సిలువ యను మాట వినఁగానే చెవులు మూసికొనుటయో, మిషను పాఠశాలలో విన్న ప్రసంగములను దలఁచుకొని విచారణ లేకయే తలయూఁచుటయో చేయుచున్నారము. బ్రాహ్మసమాజమునకు మూలపురుషులైన రాజా రామమోహనరాయలవారు ఈ రెంటిలో నేదియుఁ జేయలేదు. వారు క్రైస్తవుల గ్రంథమును మూలభాషలలోఁ జదివి, క్రీస్తు బోధను శిరసావహించి, ఆయన మరణమునకు క్రైస్తవాచార్యులు చెప్పిన యర్థమును మాత్రము నిరాకరించిరి. ఆ నిరాకరణమువలన వారికిఁ గలిగిన నష్టము స్వల్పమైనది కాదు. సహగమన నిషేధమునుగూర్చియు, ఆంగ్లవిద్యా ప్రచారమునుగూర్చియు మన పాఠకులు పలుమాఱు చదివియే యున్నారు గనుక, ఈ చిన్నపుస్తకమున రాయలవారి జీవితములో నంతగాఁ బ్రసిద్ధి కెక్కని యీ భాగమునే ముఖ్యముగాఁ జెప్పఁదలఁచితిమి.

రాయలవారు 1772వ సంవత్సరము మే నెల 22వ తేదిని వంగదేశమున హుగ్లీ మండలములోని రాధానగరమున జన్మించిరి. జన్మసంవత్సరము 1774 అని చెప్పువారును గలరు. బ్రిస్టలులోని వారి సమాధిమీఁద నదియే చెక్కఁబడియున్నది. తండ్రి రమాకాంతరాయలు వైష్ణవుఁడు. తల్లి తారిణీదేవి శాక్తుల యింటఁ బుట్టి, అత్తవారింటి వైష్ణవాచారమును మిక్కిలి నిష్ఠతో నవలంబించిన సాధ్వి. రాయలవారు బాల్యమునఁ బాట్నాలోఁ బారసీకమును నరబ్బీని, పిమ్మటఁ గాశిలో సంస్కృతమును నేర్చిరని చరిత్రకారులు వ్రాయుచున్నారు. ఖురానునందలి యేకేశ్వరోపదేశ మొకవైపునను, ఉపనిషత్తులందలి బ్రహ్మవిచార మొకవైపునను వారి బుద్ధిని దీర్చెను. 1804వ సంవత్సర ప్రాంతమునఁ బ్రకటించిన తుహ్ఫతుల్ మువహ్హిదీన్ అను గ్రంథమునకు పీఠిక యరబ్బీలోను, తక్కినది పారసీకములోను నుండుటయే వారి తొలివిద్య యెట్టిదో తెలుపును. సర్వమతములవారును ఈశ్వరుఁ డొక్కఁడని యొప్పుకొనుచు, ఆయనను జేరు మార్గమునకు నడుమ నిలిచిన మధ్యవర్తులనుగూర్చియే కలహించుచున్నారని యా గ్రంథాభిప్రాయము. మధ్యవర్తి యేల యను నీ ప్రశ్న యానాఁడు పుట్టి, యిరువదియేండ్లలోపల సిలువకడకు వచ్చినదని మన మెఱుఁగవలెను.

పిమ్మటఁ గుంఫిణీవారి యుద్యోగియగు డిగ్బీ దొరవద్ద రంగపురమున దివానుగాఁ బనిచేసి, ఆంగ్లభాషలోఁ బాండిత్యము సంపాదించి, 1814వ సంవత్సరమున నుద్యోగము మాని కలకత్తా చేరిరి. మఱుసటి యేఁట నాత్మీయసభను స్థాపించిరి. వేదాంతసూత్రములకు వంగభాషలో వివరణము వ్రాసిరి. ఉపనిషత్తులను వంగభాషలోనికిని నాంగ్లమునకును బరివర్తించిరి. ఈ గ్రంథములు మన దక్షిణదేశమునను గలఁత పుట్టించెను. మదరాసులో సెంటుజార్జికోట కళాశాలయం దాంగ్లోపాధ్యాయుఁడుగా నుండిన శంకరశాస్త్రి వీరి మతమును ఖండించుచుఁ బత్రికకు వ్రాయఁగా, 1817వ సంవత్సరమున రాయలవారు దానికి సమాధానముగా నొక చిన్నగ్రంథమును బ్రకటించిరి. ఆ సంవత్సరముననే వారి యన్నకుమారుఁ డాస్తినిగూర్చి సుప్రీముకోర్టులో వ్యాజ్యెము తెచ్చెను. దాని వెనుక నుండి నడపినది తల్లియేయని చరిత్రకారులు చెప్పుదురు. విగ్రహారాధనమును విడిచిన కుమారునికిఁ బిత్రార్జితము చెందరాదని యామె నిశ్చయము. వ్యాజ్యెము 1819వ సంవత్సరమునఁ గొట్టివేయఁబడినది. తల్లి మనసు మాత్రము మఱలలేదు. 1818లో సహగమన ఖండనముగాఁ దొలి సంవాదగ్రంథమును, 1820లో రెండవ దానిని రాయలవారు ప్రకటించిరి. ఈ తేదీలను పాఠకులు జ్ఞప్తియం దుంచుకొనవలెనని మా ప్రార్థన. వీనితోఁ బని యున్నది.

ఆ 1820వ సంవత్సరముననే కలకత్తాలోని బాప్తిస్టు మిషను ముద్రాక్షరశాలయందుఁ గర్తపేరు లేకయే యొక యాంగ్లగ్రంథము వెలువడెను. దానికి పేరు యేసు ఉపదేశములు. శాంతికిని సౌఖ్యమునకును మార్గదర్శి యని యుపనామము. మత్తయి, మార్కు, లూకా, యోహాను సువార్తలనుండి క్రీస్తు బోధలను దీసి కూర్చిన సంగ్రహమది. చరిత్రాంశములును, అద్భుతక్రియలును, సిద్ధాంతవిషయములును చాలవఱకు విడువఁబడినవి. చరిత్రము సంశయగ్రస్తము కావచ్చుననియు, అద్భుతములమాట యెత్తినచో నంతకంటె మహాద్భుతములైన కథలు పుట్టిన పసినాఁటినుండియు వినుచుండు నీ దేశస్థులకవి యేమాత్రము నాశ్చర్యము గొలుపవనియు, నీతిబోధ మాత్రము పండితపామరుల కెల్లరకు నేకరీతిగా హృదయంగమమనియు వారు కారణము చెప్పిరి. రెండవ కారణములోని చమత్కారమును మిషనరీలు మెచ్చుకొనలేదు. చిత్రమేమనఁగా, ఇంచుమించుగా నా సంవత్సరముననే అమెరికాలో నదివఱకు రాష్ట్రాధ్యక్షుఁడుగా నుండిన జెఫర్సను సువార్త ప్రతులను కత్తితోఁ గోసి, అద్భుతములను విడిచి, బోధలను మాత్రము వేఱొక పుస్తకముగా నంటించుకొనెను. ఆయన దానిని తన గదిలో దాఁచుకొనెను; రాయలవారు తమ దానిని నచ్చొత్తించిరి. కష్టమంతయు నచ్చొత్తించుటవలననే వచ్చినది.

ఆ కష్టమేమో తెలియుటకు ముందుగా సిలువనుగూర్చి క్రైస్తవులు చెప్పు నర్థము తెలియవలెను. అది యొక్కటి కాదు. క్రీస్తు రక్తమువలనఁ బాపక్షమాపణము గలిగెనని పౌలు మొదలగు తొలి శిష్యులు వ్రాసిరేకాని, యెట్లు కలిగెనో యొక శాస్త్రముగా వివరింపలేదు. కొన్ని శతాబ్దులవఱకు మిక్కిలి వ్యాప్తిలో నుండిన మతమేమనఁగా, పాపముచేసిన మానవులు సైతానుకు బానిసలైరనియు, వారిని విడిపించుటకుఁ జెల్లించిన విమోచనధనమే క్రీస్తు ప్రాణమనియు. నాల్గవ శతాబ్దమునందలి నిస్సా గ్రెగొరీ యను నాచార్యుఁడు క్రీస్తు మానవదేహమును ఎరగాను, లోపలి దైవత్వమును గాలముగాను వర్ణించి, సైతాను మత్స్యమువలె దానిని మ్రింగి చిక్కుకొనెనని చెప్పెను. ఇట్టి యుపమానము మన పురాణములలోఁ గనఁబడినచో మిషనరీ లెంత పరిహసించియుందురోయని మాకుఁ దోఁచుచున్నది.

పదునొకండవ శతాబ్దాంతమున నింగ్లండు దేశములోఁ గాంటర్బరీ ప్రధానాచార్యుఁడైన ఆన్సెల్మీ భావమును ద్రోసివేసెను. సైతానునకు దేవుఁడు బాకీపడుట యెక్కడిదని యాయన ప్రశ్న. 1098లో ముగించిన తన గ్రంథమున నాయన చెప్పినది యిది: పాపమనఁగా దేవుని కీయవలసిన గౌరవము నీయకుండుట, అది బాకీ, దేవుని మహిమ యనంతము గనుక బాకీయు ననంతము. చెల్లింపవలసినవాఁడు మనుష్యుఁడు, చెల్లింపఁగలవాఁడు దేవుఁడొక్కఁడే. కాఁబట్టి దేవుఁడు మనుష్యుఁడై, తాను ఋణపడని మరణమును బొంది, మనుష్యుల ఋణమును దీర్చెను. తర్కము వజ్రమువలె నున్నది. కాని యా దేవుఁడు గౌరవభంగమును సహింపని యానాఁటి ప్రభువును మిగులఁ బోలియున్నాఁడు. తరువాతి తరమున ఫ్రాన్సు దేశీయుఁడైన అబెలార్డు మఱియొక త్రోవఁ ద్రొక్కెను. నిర్దోషి రక్తమును వెలగాఁ గోరుట క్రూరమనియు, క్రీస్తు మరణము దేవుని ప్రేమకుఁ బరమనిదర్శనమై చూచినవారి హృదయములలోఁ బ్రతిప్రేమను రగిల్చుటయే విమోచనమనియు నాయన భావము. బెర్నార్డను యతి దీనిపై ధ్వజమెత్తఁగా అబెలార్డు సభలో దోషిగా నిర్ణయింపఁబడి, 1142లో క్లూనీ మఠమువారి యాశ్రయమున మరణించెను. పదునాఱవ శతాబ్దమునఁ గాల్విను మొదలగు సంస్కర్తలు ఆన్సెల్ము చెప్పిన ఋణమును దండనగా మార్చిరి. దేవుఁడు న్యాయాధిపతి, పాపికి మరణశిక్ష విధింపఁబడినది, ఆ శిక్షను క్రీస్తు పాపికి మాఱుగాఁ దాననుభవించెను, దానిని నమ్మినవాఁడు విడుదల పొందును.

కలకత్తాకు సమీపమున శ్రీరామపురమున నివసించిన బాప్తిస్టు మిషనరీలది యీ కడపటి సిద్ధాంతము. కేరీ, మార్ష్‌మన్, వార్డు అను నీ మువ్వురిని మనము తేలికగాఁ జూడరాదు. తమ సంపాదనమంతయు నొక్క పెట్టెలో వేసికొని, తాము సామాన్యముగా జీవించుచు, పెక్కు దేశభాషలలోనికి బైబిలును బరివర్తించిన మహోద్యోగులు వారు. 1814లో మన తెలుఁగునకు వ్యాకరణము వ్రాసిన కేరీ వీరిలోనివాఁడే. అట్టివారు యేసు ఉపదేశముల గ్రంథమును జూచి మొదట సంతోషింపవలసినదే. కాని వారి పత్రికయగు ఇండియా మిత్రములో షిమిట్ అను మిషనరీ ముందుగాను, మార్ష్‌మన్ పిమ్మటను దీనిని దూషించిరి. ఉపదేశములను మాత్రము తీసికొని సిలువను విడిచినవాఁడు రోగికిఁ బథ్యము చెప్పి మందును దాఁచినవానివంటివాఁడని వారి తాత్పర్యము. మనుష్యుఁ డెన్నఁటికిని బరిపూర్ణముగా ధర్మమును బాటింపలేఁడు గనుక, వానికి బోధమాత్రము చాలదు, ప్రాయశ్చిత్తము కావలెను. సంగ్రహకర్త బుద్ధిమంతుఁడే యైనను విగ్రహారాధకజాతికిఁ జెందినవాఁడనియు, రక్షకుని యవతారప్రయోజనము నెఱుఁగఁడనియు మార్ష్‌మన్ వ్రాసెను. ఏకేశ్వరునికొఱకుఁ దల్లిని బంధువులను దూరము చేసికొన్నవానిని విగ్రహారాధకుల కోవలోఁ జేర్చుట రాయలవారి మనస్సును నొప్పించినది.

రాయలవారు 1820లో సత్యమిత్రుఁడను పేరున క్రైస్తవ ప్రజలకు మొదటి విజ్ఞాపనమును, 1821లో రెండవ దానిని బ్రకటించిరి. ఆంగ్లానువాదములపై నాధారపడుట తగదని గ్రీకును, ఒక యూదుని సాహాయ్యమున హీబ్రూను నభ్యసించిరి. నలువదియేండ్లు దాఁటినవారు ప్రతిపక్షి గ్రంథమును సరిగాఁ జదువుటకై రెండు క్రొత్తభాషల నేర్చుట మన వాదప్రియులకు వింతగాఁ దోఁపవచ్చును. మనము సాధారణముగాఁ బ్రతిపక్షి మాటను వానిభాషలో వినుటకైన నోర్వము.

వారి వాదములలో ముఖ్యమైనవానిని మా మాటలలోఁ జెప్పుచున్నాము. నిత్యజీవమునకేమి చేయవలెనని యొక ధర్మశాస్త్రి యడిగినప్పుడు క్రీస్తు, దేవుని నిండుమనసుతోఁ బ్రేమించుటయుఁ బొరుగువానిని దనవలెఁ బ్రేమించుటయు నను రెండాజ్ఞలనే నిర్దేశించి, అట్లు చేసినచో జీవింతువని చెప్పెను; తన మరణమునందు విశ్వాసముంచవలెనని యచ్చటఁ జెప్పలేదు. తప్పిపోయిన కుమారుని కథలో, దారితప్పి సర్వమును బోఁగొట్టుకొనినవాఁడు పశ్చాత్తాపముతోఁ దిరిగిరాఁగా, తండ్రి యెదురుగాఁ బరుగెత్తి కౌఁగిలించుకొనెనేకాని, ముందుగా మఱియొకని శిక్షింపలేదు. (ఆ కథలో వధింపఁబడిన క్రొవ్విన దూడ విందుకొఱకేకాని వెలకొఱకు కాదని మేమిచ్చటఁ జేర్చుచున్నాము.) సిలువకుఁ బూర్వమే క్రీస్తు ప్రార్థనచేయుచుఁ దండ్రి తనకొప్పగించిన కార్యమును ముగించితినని చెప్పియున్నాఁడు, మరణమే ముఖ్యకార్యమైనచో నామాట యెట్లు పొసఁగును? గెత్సేమనే వనమునఁ దన కా పాత్ర తప్పింపఁబడవలెనని వేఁడుకొనెను. లోకరక్షణమున కదియొక్కటే యుపాయమని యెఱిఁగి వచ్చినవాఁడట్లు వేఁడుకొనునా? రక్షకుఁడను బిరుదు క్రీస్తునకు దైవాజ్ఞలను బోధించి జనులను బాపమునుండి మరల్చుటచేతఁ గలిగినదేకాని, బలిపశువగుటచేతఁ గాదు. గొఱ్ఱెపిల్లయను మాట యాయన సాధుత్వమును సూచించు నలంకారము.

వీనియన్నింటికంటె బలమైనది వారి యుభయతఃపాశము. క్రీస్తునందు దైవత్వము మానవత్వము రెండును గలవని మీ మతము. సిలువమీఁద బాధననుభవించినది యేది? దైవత్వమే యందురేని, వికారము లేని యీశ్వరునకు బాధయు మరణమును గల్పించిన వారగుదురు. మానవత్వమే యందురేని, పాపమెఱుఁగని యొక మనుష్యుని నితరుల పాపములకై హింసించిన వాఁడు న్యాయమూర్తి యెట్లగును? మన యూరి న్యాయాధిపతియే దొంగకు మాఱుగా సజ్జనునిఁ గొఱత వేసిన మనము సహింపము; సహింపనట్టి యా న్యాయబుద్ధిని మనకిచ్చినవాఁడు దేవుఁడే గదా.

మార్ష్‌మన్ ఊరకుండలేదు. ఆయన ప్రత్యుత్తరములన్నియుఁ జేర్చి 1822లో లండనునందు క్రీస్తు దైవత్వమును బ్రాయశ్చిత్తమును సమర్థించు గ్రంథముగా బ్రకటింపఁబడినవి. యూదుల బలులన్నియుఁ జివరికి రాఁబోవు నా మహాబలికి ఛాయలనియు, ఇతరుల దోషములను మోయు సేవకునిగూర్చి యెషయా ప్రవక్త వ్రాసిన యధ్యాయము క్రీస్తుపరమనియు నాయన పట్టు. న్యాయముగాఁ జెప్పవలెనన్నచో, క్రైస్తవుల పక్షమున నింతకంటె గొప్ప సమాధాన మొకటి కలదు: దేవుఁడు మూఁడవవానిని బట్టి శిక్షింపలేదు, న్యాయాధిపతియే పీఠము దిగివచ్చి శిక్షను దాననుభవించెను, క్రీస్తు తనంతఁ దాను ప్రాణమిచ్చెనుగాని యెవ్వరును బలాత్కరింపలేదు అనునది. త్రిత్వమును నమ్మినవారి కిది సమాధానమే. దేవుఁ డొక్కఁడనియు, క్రీస్తు దైవప్రేరితుఁడగు మానవుఁడనియు నమ్మిన రాయలవారికి మాత్రము కాదు. కావుననే యా విజ్ఞాపనములలో త్రిత్వవాదమును బ్రాయశ్చిత్తవాదమును గలసియే నడచినవి. ఒకటి పడినచో రెండవది నిలువదు.

ఇచ్చట మేము మొదట జ్ఞప్తియం దుంచుకొనుఁడన్న తేదీలకు రావలెను. 1820వ సంవత్సరమున రాయలవారి బల్లమీఁద రెండు గ్రంథములును నొక్కమాఱే యుండెను: సహగమనమునుగూర్చిన రెండవ సంవాదమొకటి, క్రైస్తవులకు వ్రాసిన విజ్ఞాపనమొకటి. సహగమనమును సమర్థించిన పండితులు చూపిన వచనము లెట్టివి? అంగిరసుఁడు, హారీతుఁడు మొదలగువారి స్మృతులనుండి వారు చూపినదేమనఁగా, భర్తతోఁ జితి నెక్కిన స్త్రీ తల్లివంశమును, దండ్రివంశమును, భర్తవంశమును బవిత్రము చేయుననియు, భర్త బ్రహ్మహత్యవంటి మహాపాతకములు చేసినవాఁడైనను వానిని నరకమునుండి యుద్ధరించుననియు. ఒకరి దేహము కాలిన నొకరి పాపము పోవునను నీ తర్కమును రాయలవారు మనుస్మృతితోను భగవద్గీతతోను ఖండించిరి. విధవకు మనువు విధించినది బ్రహ్మచర్యజీవనమనియు, స్వర్గఫలాపేక్షతోఁ జేయు కర్మ యధమమనియుఁ జూపిరి. ఆ స్త్రీలను బొంగులతో నదిమిపట్టి, కట్టెలు పైఁబేర్చి, లేవకుండఁ జేయుచుండుటవలన సమ్మతియను మాటయే యసత్యమనియు సాహసించి వ్రాసిరి.

శ్రీరామపురపు దొరలతోఁ జెప్పినదియు నిదియే కాదా? నిర్దోషి ప్రాణము దోషి పాపమునకు వెల కాదు. ఎవని పాపము వాఁడు పశ్చాత్తాపముచేతను, జీవితము మార్చుకొనుటచేతను బోఁగొట్టుకొనవలెను. ఈ పోలిక రాయలవారు చేసినది కాదు, మేము చేయుచున్నాము. దీనికి హద్దును గలదు. క్రీస్తు తన యిచ్ఛచే మరణమున కెదురేఁగెను. చితిపై నెక్కింపఁబడిన పదునాఱేండ్ల బాలిక కిచ్ఛ యనునదియే లేదు. సిలువసిద్ధాంతమును నమ్మిన యా మిషనరీలే సహగమనమును మాన్పుటకు రాయలవారికంటె ముందుగాఁ బాటుపడినవారు. దహనముల సంఖ్యలను లెక్కించి ప్రభుత్వమునకుఁ దెలిపినవారు. కాఁబట్టి సిద్ధాంతముచేత హృదయము చెడెనని మేమనము. కాని యితరుని మరణముచేఁ దమకుఁ బుణ్యము వచ్చునని నమ్మినప్పుడు మనుష్యులలో నెట్టి నిర్దయ తలయెత్తునో వంగదేశమున గంగ యొడ్డున రాయలవారు చూచియుండిరి. మార్ష్‌మనునకు బైబిలులోని మాట. రాయలవారికిఁ గన్నులఁ గన్న పొగ.

ఇఁక వారనుభవించిన నష్టము. రెండు విజ్ఞాపనములను నచ్చొత్తిన బాప్తిస్టు ముద్రాక్షరశాలవారు మూఁడవదానిని నచ్చొత్తమని తెలిపిరి. రాయలవారు ధర్మతలా వీథిలోఁ దామే యచ్చుకూటమును బెట్టి, 1823లోఁ గడపటి విజ్ఞాపనమును స్వయముగాఁ బ్రకటించిరి. ఈ లోపల, సువార్తలను వంగభాషలోనికి మార్చుటకై వారితోఁ గూర్చుండిన విలియం ఆడమ్ అను బాప్తిస్టు మిషనరీ, యోహాను సువార్త మొదటి యధ్యాయములో సృష్టి క్రీస్తుచేత జరిగెననవలెనా, క్రీస్తు ద్వారా జరిగెననవలెనా యను నొక చిన్న గ్రీకుపదముమీఁది చర్చలోఁ జిక్కి, 1821లోఁ ద్రిత్వమును విడిచి యేకత్వవాదియయ్యెను. మార్చవచ్చినవాఁడు మారిపోయెను. కలకత్తాలోని తెల్లవారీయనకు, ఆదాము మరలఁ బతనమయ్యెనని పేరుపెట్టి నవ్వుకొనిరఁట. మిషనువారికిది నవ్వు కాదు. తమలోనివాని నొక హిందువు లాగికొనెనను పుండు. అటుపిమ్మట రాయలవారి యెడల వారి స్నేహము చల్లారిపోయినది.

ఆడమ్ చెప్పినదానినిబట్టి, కలకత్తా బిషప్పు మిడిల్టన్ అంతకుఁ బూర్వము రాయలవారిని బిలిపించి, క్రైస్తవమును స్వీకరించినచో నింగ్లండులోను నిండియాలోను గొప్ప కీర్తియు గౌరవమును గలుగునని సూచించెనఁట. సత్యముకొఱకుఁ గాక ప్రతిష్ఠకొఱకు మతము మార్చుకొమ్మన్న యా మాటకు రాయలవారు దిగ్భ్రమనొంది, మరల నెన్నఁడును బిషప్పునింటి కేఁగలేదు. స్వజనులు వీరిని మ్లేచ్ఛుఁడనిరి. క్రైస్తవు లవిశ్వాసి యనిరి. తల్లి, పూరీక్షేత్రమున జగన్నాథాలయమును స్వహస్తములతోఁ జిమ్ముచుఁ దన కడపటికాలమును గడపినదని చరిత్రకారులు వ్రాసిరి. కుమారుని దోషమునకుఁ దానే ప్రాయశ్చిత్తము చేసికొనుచున్నట్లామె భావించెనేమో! అట్లైనచో, ఒకరి పాపమునకొకరి ప్రాయశ్చిత్తము పనికిరాదని వాదించిన యా కుమారునికి, ఆమె చేతిలోని చీపురు మార్ష్‌మన్ గ్రంథములన్నింటికంటె బరువుగాఁ దోఁచియుండును.

మా యభిప్రాయమును దాఁచనేల? న్యాయస్థానపు సిలువను ఖండించుటలో రాయలవారు జయించిరనియే మా నిశ్చయము. దేవుఁడు రక్తము చూచినఁగాని క్షమింపఁడనుట పితృత్వమునకుఁ దగదు. అయినను వారి యుభయతఃపాశము తార్కికుని పాశము. దానిలోఁ జిక్కనిది యొకటి మిగిలియున్నది. క్షమించుట క్షమించువానికి వెలలేని పని కాదు. తనను గొట్టినవానిని నిజముగా క్షమించినవాఁడా దెబ్బను దనలోనే యణఁచుకొనవలెను. దేవుఁడు వికారరహితుఁడు గనుక నాతని క్షమకు వ్యథ లేదని రాయలవారి వేదాంతము చెప్పును. కుమారునికై వీథిలోనికిఁ బరుగెత్తిన తండ్రి కథ యట్లు చెప్పుటలేదు. అబెలార్డు చూచినదీ భాగమును. రాయలవారికిఁ గ్రీస్తు ముఖ్యముగా గురువు. గురువు చెప్పిన పాఠమునకు గురువు మరణము వ్యాఖ్యానమని వారు చెప్పినట్లు మాకుఁ గనఁబడదు. మన సమాజములోనే యీ లోపమును బూరింపవలెనని తోఁచినవారు పుట్టిరి. కేశవచంద్రసేనులవారు 1866వ సంవత్సరమునఁ గలకత్తాలోఁ గ్రీస్తునుగూర్చి యిచ్చిన యుపన్యాసమున సిలువను ఆత్మత్యాగమునకును క్షమకును జిహ్నముగాఁ గొనియాడిరి. ఆయన తరువాత నెంతదూరము పోయెననునది వేఱొక కథ. అది కొందఱికి మితిమీఱినట్లు తోఁచినది, మాకును గొంత యట్లే తోఁచును.

ఆడముతోఁ గూడ నడపిన యేకత్వవాదుల ప్రార్థనసభ క్రమముగా క్షీణించినది. ఆంగ్లములో జరుగు పరదేశపు ఆరాధనకుఁ బోనేల, మనకొక స్థానముండరాదా యని శిష్యులడుగఁగా, రాయలవారు 1828వ సంవత్సరము ఆగస్టు 20వ తేదిని బ్రాహ్మసభను స్థాపించిరి. 1830 జనవరి 23న సొంతమందిరమునఁ బ్రవేశము జరిగెను. ఆ మందిరపు ధర్మకర్తృత్వపత్రమున బలి నిషేధింపఁబడినది. ప్రాణముగల దేనిని నచ్చట వధింపరాదు. దీనికిఁ గొన్ని వారములకుఁ బూర్వము 1829 డిశంబరు 4న బెంటింక్ ప్రభువు సహగమనమును నేరముగా శాసించెను. ఆ శాసనమును వంగభాషలోనికి మార్పుమని శ్రీరామపురమునకుఁ గాగితము చేరినది యాదివారమునాఁడు. ముసలివాఁడైన కేరీ యానాఁటి ప్రసంగమును మఱియొకరి కప్పగించి, ఒక్క గడియ యాలసించినను మఱియొక విధవ కాలునని, సాయంకాలములోపలఁ బరివర్తనమును ముగించెను. క్రీస్తు మరణమునుగూర్చి రాయలవారితో నేకీభవింపని యా మనుష్యుఁడు, ఆదివారమును విడిచి రాయలవారి కార్యమును జేసెను.

1830 నవంబరులో రాయలవారు ఢిల్లీ పాదుషా రాయబారిగా నోడనెక్కి, 1831 ఏప్రిల్ 8న లివర్పూలు చేరిరి. ఇంగ్లండులోని యేకత్వవాదులు వారిని దమవానిగా నాదరించిరి. త్రిత్వవాదుల దేవాలయములకును వారు తఱచుగాఁ బోవుచుండిరి. 1833 సెప్టెంబరులో బ్రిస్టలు సమీపమున స్టేపిల్టన్ గ్రోవ్ అను గృహమునకు వచ్చి, జ్వరపడి, 27వ తేదిని దేహము చాలించిరి. యజ్ఞోపవీతము కడవఱకు వారి శరీరముపై నుండెను. తమ్ముఁ గ్రైస్తవ శ్మశానమునఁ బాతిపెట్టరాదని ముందే చెప్పియుండినందున, అక్టోబరు 18న నా తోటలోనే, చెట్లనీడను, మంత్రములు గాని ప్రార్థనలు గాని లేక, మిత్రులు మౌనముగా నిలువంబడియుండఁగా భూస్థాపనము చేసిరి. పదియేండ్లకు, 1843లో, ద్వారకానాథ ఠాకూరువారి పూనికచే నా శరీరము ఆర్నోస్ వేల్ శ్మశానమునకు మార్పఁబడి, దానిపై మన దేశపురీతిని స్తంభములతో నొక మండపము కట్టఁబడినది.